కమాండ్ లైన్‌లో ఫైళ్ళు పొరపాటున ఓవర్‌రైట్ కాకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

డిలీట్ చేసే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగి చూసుకుంటారు. ఓవర్‌రైట్ అలా కాదు. కాపీ చేస్తున్నాం, పేరు మారుస్తున్నాం, ఫలితాన్ని ఫైలులో దాచుకుంటున్నాం అనుకుంటూనే అదే పేరుతో ఉన్న పాత ఫైలును పోగొట్టుకుంటాం. పోయిన సంగతి కూడా చాలాసార్లు వారం తర్వాతే తెలుస్తుంది. అందుకే ఈ విషయాన్ని ఇంత వివరంగా రాయాల్సి వచ్చింది.

కమాండ్‌లను ఇక్కడ పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్పాను. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్‌లోని బాష్ షెల్‌వి (షెల్ అంటే మీరు టైప్ చేసిన కమాండ్‌ను అందుకుని నడిపే ప్రోగ్రామ్). మ్యాక్ తేడా చేసే చోట్ల చెప్పాను. విండోస్‌కి వేరే ప్రశ్న ఉంది.

పాత ఫైలు మీద రాసేముందు కమాండ్ నన్ను ఎందుకు అడగదు?

యూనిక్స్ 1970లలో పెరిగిన తీరే అది. చిన్న చిన్న ప్రోగ్రాములు ఒకదాని అవుట్‌పుట్ ఇంకొకటి అందుకుంటూ, మనిషి పక్కన లేకపోయినా పని పూర్తి చేయాలి. రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్ట్ (వరుసగా కమాండ్‌లు రాసి పెట్టిన ఫైలు) మధ్యలో ఆగి ‘రాసేయమంటారా?’ అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. అందుకని ఏమీ అడగకుండా పని చేసుకుపోవడమే అలవాటైంది.

ఇంకో దారి లేక కాదు. అదే కాలంలో డిజిటల్ కంపెనీ తెచ్చిన వీఎంఎస్‌లో ప్రతి ఫైలు పేరు చివర సెమికోలన్, వెర్షన్ నంబరు ఉండేవి. మళ్ళీ సేవ్ చేస్తే ;1 పక్కన ;2 వచ్చేది. పర్జ్ కమాండ్ ఇచ్చేదాకా పాతవి అలాగే ఉండేవి. యూనిక్స్ ఆ దారి పట్టలేదు, లినక్స్, మ్యాక్ యూనిక్స్ వెంటే నడిచాయి. స్క్రిప్ట్‌లకు ఈ మౌనం సరైనదే. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఇది సరైన ఏర్పాటు కాదని నా గట్టి అభిప్రాయం. కాబట్టి ఆ ఏర్పాటు మనమే మార్చుకోవాలి.

నా ఫైలును చెరిపేది షెల్లా, కమాండా?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇది చదవండి. మిగతా జాగ్రత్తలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఏదైనా కమాండ్ తర్వాత > గుర్తు పెట్టి ఫైలు పేరు రాస్తే, ఆ ఫైలును తెరిచేది కమాండ్ కాదు, షెల్. అది కూడా కమాండ్ మొదలవకముందే తెరిచి, అందులో ఉన్నదంతా తీసేసి, సున్నా బైట్లకు తెస్తుంది. ఆ తర్వాతే కమాండ్‌ను పిలుస్తుంది. అందుకే, వరుసలను అక్షర క్రమంలో పేర్చే సార్ట్ కమాండ్‌తో ఇలా రాస్తే:

సార్ట్ జాబితా > జాబితా

జాబితా ఖాళీ అయిపోతుంది. సార్ట్ వచ్చి చూసేసరికి చదవడానికి ఏమీ ఉండదు. ఇంకా దారుణం ఏమిటంటే, సార్ట్ అన్న పేరునే మీరు తప్పుగా టైప్ చేసి ‘అలాంటి కమాండ్ లేదు’ అన్న మెసేజ్ వచ్చినా, జాబితా అప్పటికే ఖాళీ. కమాండ్ నడవలేదు కాబట్టి ఏమీ కాలేదని ఊరట పడకండి, ఫైలు సైజు చూడండి.

సీపీ (కాపీ చేసేది), ఎంవీ (పేరు లేదా చోటు మార్చేది), టార్ (ఫైళ్ళను ఒక కట్టగా కట్టేది, విప్పేది), కర్ల్ (నెట్ నుంచి దించేది) లాంటివి వేరు. అక్కడ ఫైలును తెరిచేది ఆ ప్రోగ్రామే, షెల్‌కి సంబంధం లేదు. మీరే రాసిన పైథాన్ స్క్రిప్ట్ మూడో రకం. షెల్‌కి పెట్టిన తాళం సీపీని ఆపదు. సీపీకి పెట్టిన తాళం మీ స్క్రిప్ట్‌ను ఆపదు. ఒక్క సెట్టింగ్‌తో అన్నీ భద్రం అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

షెల్‌కి తాళం ఎలా వేయాలి?

సెట్ -ఓ నోక్లాబర్

నోక్లాబర్ అన్నది మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మాట. పొట్టిగా అయితే ‘సెట్ -సి’, ఇక్కడ సి పెద్దక్షరం. దీన్ని మీ హోమ్ ఫోల్డర్‌లోని .బాష్‌ఆర్‌సీ ఫైలులో ఒక వరుసగా చేర్చుకుంటే, తెరిచిన ప్రతి టెర్మినల్‌లో అమల్లో ఉంటుంది. ఇక > గుర్తుతో ఇప్పటికే ఉన్న ఫైలు మీద రాయబోతే షెల్ ఒప్పుకోదు. పాత ఫైలు అలాగే ఉంటుంది, కమాండ్ కూడా నడవదు.

నిజంగానే ఓవర్‌రైట్ చేయాలనుకున్నప్పుడు >| అని రాయండి. నోక్లాబర్ పెట్టుకున్నవాళ్ళు ఈ గుర్తు తెలియక విసుగొచ్చి మొత్తం తీసేస్తుంటారు. అదొక్కటి నేర్చుకుంటే చాలు. అక్కర్లేని అవుట్‌పుట్‌ను /డెవ్/నల్‌కి పంపే అలవాటున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, అది మామూలు ఫైలు కాదు కాబట్టి నోక్లాబర్ దాన్ని అడ్డుకోదు.

ఇది కొత్త వసతి కాదు. బర్కిలీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్‌లోనే ఉంది. అక్కడ బలవంతంగా రాయడానికి >! వాడేవారు. మ్యాక్‌లో ఇప్పుడు మామూలుగా వచ్చే జెడ్‌షెల్‌లో ‘సెట్‌ఆప్ట్ నోక్లాబర్’ అనాలి. అక్కడ >|, >! రెండూ పనిచేస్తాయి. జెడ్‌షెల్‌లో ఒక మెలిక ఉంది: నోక్లాబర్ పెట్టాక >> తో లేని ఫైలును కొత్తగా సృష్టించబోయినా ఒప్పుకోదు. దానికి ‘సెట్‌ఆప్ట్ అపెండ్‌క్రియేట్’ కూడా చేర్చుకోండి. ఫిష్ షెల్‌లో సెట్టింగ్ బదులు >? అనే గుర్తు ఉంది, ఫైలు లేకపోతేనే రాస్తుంది.

నోక్లాబర్ ఎక్కడెక్కడ కాపాడదు?

సీపీ, ఎంవీ దగ్గర కాపాడదు. >> తో చివర చేర్చేటప్పుడు దానికి పని లేదు. టీ కమాండ్ (వచ్చినదాన్ని తెర మీద చూపిస్తూ ఫైలులోనూ రాసేది) దగ్గర కూడా కాపాడదు, ఎందుకంటే ఫైలును తెరిచేది టీ. సుడోతో (అడ్మిన్ అధికారంతో) సిస్టమ్ ఫైళ్ళను మార్చేటప్పుడు చాలామంది టీనే వాడతారు. ఆ చోట -ఏ అన్న అక్షరం మరిచిపోతే కాన్ఫిగరేషన్ అంతా పోయి, మీరు చేర్చాలనుకున్న ఒక్క వరుసే మిగులుతుంది. అలాగే .బాష్‌ఆర్‌సీలో పెట్టిన నోక్లాబర్ మీరు విడిగా నడిపే స్క్రిప్ట్‌లకు వర్తించదు. కావాలంటే స్క్రిప్ట్ మొదట్లో మళ్ళీ రాసుకోవాలి.

>> అనుకుని > కొట్టేస్తుంటాను. ఏం చేయాలి?

నోక్లాబర్ పెట్టుకోండి. సరిగ్గా ఈ పొరపాటు కోసమే అది ఉంది.

ఒక ఫైలును చదివి, మార్చి, మళ్ళీ అదే పేరుతో రాయాలంటే?

సార్ట్‌కి సొంతంగా -ఓ ఉంది: ‘సార్ట్ -ఓ జాబితా జాబితా’ అంటే, మొత్తం చదివాకే రాస్తుంది. అలాంటి వసతి లేని కమాండ్‌లకు మోర్‌యుటిల్స్ ప్యాకేజీలో స్పంజ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. వచ్చేదంతా పీల్చుకుని, ఇన్‌పుట్ అయిపోయాకే ఫైలు తెరుస్తుంది. ఏ ప్యాకేజీ లేకుండా పనవ్వాలంటే కొత్త పేరుకు రాసి, అది సరిగ్గా ముగిస్తేనే పేరు మార్చండి:

కమాండ్ జాబితా > జాబితా.కొత్త && ఎంవీ జాబితా.కొత్త జాబితా

మధ్యలో ఉన్న && ముఖ్యం. కమాండ్ విఫలమైతే ఎంవీ నడవదు, పాత జాబితా భద్రంగా ఉంటుంది. అక్కడ సెమికోలన్ పెడితే ఆ రక్షణ పోతుంది.

సెడ్‌తో (పాఠంలో మాటలు వెతికి మార్చే కమాండ్) ఫైలులోనే మార్పులు చేసేవాళ్ళు -ఐ ఒక్కటే రాయకుండా, దానికి అంటించి .బ్యాక్ లాంటి తోక ఇవ్వండి. పాత ఫైలు ఆ తోకతో పక్కన ఉండిపోతుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. లినక్స్ సెడ్, మ్యాక్ సెడ్ -ఐ విషయంలో వేర్వేరుగా నడుస్తాయి, మ్యాక్‌లో తోక తప్పనిసరి. ఖాళీ లేకుండా తోక అంటిస్తే రెండు చోట్లా ఒకేలా పనిచేస్తుంది.

సీపీ, ఎంవీలకు ఏ ఆప్షన్ మంచిది: -ఐ, -ఎన్, లేక బ్యాకప్?

-ఐ పెడితే ప్రతి ఫైలుకీ అడుగుతుంది. -ఎన్ పెడితే ఉన్నవాటిని ముట్టుకోదు. -బి పెడితే పాతదాన్ని పేరు మార్చి ఉంచి, కొత్తది రాస్తుంది.

అందరూ ముందుగా చెప్పేది -ఐ. నాకు మాత్రం దాని మీద అంత నమ్మకం లేదు. నలభై ఫైళ్ళు కాపీ చేసేటప్పుడు మూడో ప్రశ్న దాటాక మనిషి చదవడం మానేసి వై కొడుతూనే ఉంటాడు. పోకూడని ఫైలు ఇరవయ్యో ప్రశ్నలో ఉంటుంది. ప్రశ్న అడగడం వల్ల రక్షణ రాదు, ఆ ప్రశ్నను మనిషి చదివితేనే వస్తుంది.

నేను గట్టిగా సిఫార్సు చేసేది నంబర్లతో బ్యాకప్:

సీపీ --బ్యాకప్=నంబర్డ్ కొత్తది పాతది

పాతది అన్న ఫైలు పాతది.~1~ అవుతుంది, ఇంకోసారి చేస్తే పాతది.~2~ వస్తుంది. ఏదీ పోదు, పని ఆగదు, ఎవరినీ ఏమీ అడగదు. ఉత్త -బి మాత్రం సరిపోదు. అది మామూలుగా పేరు చివర ఒక్క ~ పెట్టి ఉంచుతుంది, రెండోసారి చేసినప్పుడు ఆ బ్యాకప్ మీదే మళ్ళీ రాసేస్తుంది. వెర్షన్_కంట్రోల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (అన్నీ పెద్దక్షరాలు) ‘నంబర్డ్’ అని విలువ ఇస్తే -బి కూడా నంబర్లు వేస్తుంది. ఈ బ్యాకప్ వసతి గ్నూ సీపీది (లినక్స్‌లో మామూలుగా వచ్చేది). మ్యాక్‌తో వచ్చే సీపీలో లేదు. హోంబ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రాములు వేసుకునే సాధనం) నుంచి కోర్‌యుటిల్స్ (సీపీ, ఎంవీ ఉండే గ్నూ ప్యాకేజీ) వేసుకుంటే జీసీపీ, జీఎంవీ పేర్లతో దొరుకుతుంది.

-ఎన్ వాడి స్క్రిప్ట్‌లు రాసేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఫైలును వదిలేసినప్పుడు అది విజయం కింద లెక్కా, వైఫల్యం కింద లెక్కా అన్నది వెర్షన్‌ను బట్టి మారింది. 2023లో వచ్చిన కోర్‌యుటిల్స్ 9.2లో వైఫల్యంగా మార్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఎగ్జిట్ కోడ్ (విజయమా, వైఫల్యమా అని కమాండ్ చివర ఇచ్చే నంబరు) మీద ఆధారపడకుండా, ఫైలు ఉందో లేదో స్క్రిప్ట్‌లోనే విడిగా చూసుకోండి.

సీపీకి -ఐ చేర్చి అలియాస్ పెట్టుకుంటే సరిపోదా?

అలియాస్ అంటే కమాండ్‌కి పెట్టుకునే మారుపేరు; సీపీ అని కొడితే షెల్ దాన్ని ‘సీపీ -ఐ’ గా నడుపుతుంది. మీ సొంత కంప్యూటర్‌లో కొంతవరకు సరిపోతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలోని సిస్టమ్‌లలో రూట్ యూజర్‌కి (అన్ని అధికారాలున్న ఖాతా) ఇది ముందే పెట్టి ఇస్తారు. కానీ అలియాస్‌కి అలవాటు పడిన చెయ్యి, అలియాస్ లేని సర్వర్‌లో కూడా ‘ఎలాగూ అడుగుతుందిలే’ అని నిర్భయంగా సీపీ కొడుతుంది. అక్కడ అడగదు. అందుకే అసలు పేర్లను అలాగే వదిలి, జాగ్రత్తగా కాపీ చేసేదానికి వేరే కొత్త పేరు పెట్టుకోవడం మేలు. ఆ పేరు లేని చోట కనీసం ‘కమాండ్ లేదు’ అన్న మెసేజ్ వస్తుంది, ఫైలు పోదు.

అలియాస్ ఉన్నచోట సీపీకి -ఎఫ్ చేర్చినా ప్రశ్న ఆగదు, ఎంవీకి చేర్చితే ఆగిపోతుంది. ఎంవీలో చివర రాసిన ఆప్షన్‌దే మాట. రెండింటికీ ఒకే రూలు అనుకుని దెబ్బతినకండి.

ఏ పేరూ తప్పు రాయలేదు. అయినా ఫైళ్ళు పోయాయి. ఎలా?

దీనికి మామూలుగా మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది నక్షత్రం గుర్తు. ‘సీపీ *.టెక్స్ట్’ అని రాసి, ఎక్కడికో చెప్పడం మరిచిపోయి ఎంటర్ నొక్కారనుకోండి. ఫోల్డర్‌లో అలాంటి ఫైళ్ళు మూడో నాలుగో ఉంటే ఎర్రర్ వస్తుంది. సరిగ్గా రెండే ఉంటే మాత్రం మొదటిది రెండోదాని మీద కాపీ అయిపోతుంది. నక్షత్రాన్ని విప్పేది షెల్, సీపీకి కనిపించేది రెండు పేర్లే. దానికి అది సక్రమమైన ఆదేశం.

రెండోది లేని ఫోల్డర్. పెళ్ళి ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా ‘ఆల్బమ్’ అనే ఫోల్డర్‌లోకి ఎంవీ చేయమని లూప్ రాశారు. ఆల్బమ్ అనే ఫోల్డర్ ఇంకా సృష్టించలేదు. అప్పుడు మొదటి ఫొటో పేరే ఆల్బమ్ అయిపోతుంది. రెండో ఫొటో దాని మీద, మూడోది దాని మీద పడి, చివరికి ఒక్క ఫొటో మిగులుతుంది. నేను చూసిన ఓవర్‌రైట్‌లలో ఇంత నష్టం చేసేది ఇంకోటి లేదు. మందు మాత్రం ఒక్క అక్షరం: పేరు చివర / పెట్టండి. ‘ఆల్బమ్/’ అంటే ఫోల్డర్ లేకపోతే ప్రతి ఫొటో దగ్గరా ఎర్రర్ వస్తుంది, ఒకదాని మీద ఇంకోటి పడదు. లినక్స్‌లో ‘ఎంవీ -టి ఆల్బమ్’ అన్నా అంతే. ఈ స్లాష్ అలవాటును కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే నేర్పాలి.

మూడోది వేర్వేరు ఫోల్డర్‌లలోని ఒకే పేర్లు. కెమెరాలు ఫొటో నంబర్లను 9999 దాకా పెంచుకుని మళ్ళీ 0001 నుంచి మొదలుపెడతాయి. రెండు కెమెరాల కార్డులు ఒకే ఫోల్డర్‌లోకి దించితే పేర్లు ఢీకొంటాయి. అన్నీ ఒకే సీపీ కమాండ్‌లో ఇస్తే, ఇప్పుడే సృష్టించిన ఫైలు మీద మళ్ళీ రాయనని గ్నూ సీపీ మొరాయిస్తుంది. ఫైండ్‌తోనో లూప్‌తోనో ఒక్కో ఫైలుకీ ఒక్కో సీపీ నడిపితే ఆ జ్ఞాపకం ఉండదు. అక్కడ నంబర్డ్ బ్యాకప్ తప్పనిసరి.

టార్, జిప్ ఫైళ్ళు విప్పేటప్పుడు?

అన్‌జిప్ అడుగుతుంది. ఒక్కోదానికీ అవును, కాదు, అన్నిటికీ అవును, దేనికీ వద్దు, పేరు మార్చు అని ఐదు దారులు ఇస్తుంది. -ఎన్ ఇస్తే ఉన్నవాటిని ముట్టుకోదు.

టార్ అడగదు. ఉన్న ఫైళ్ళను తీసేసి తనలోవి పెడుతుంది. ముందు ‘టార్ -టిఎఫ్’ తో లోపల ఏముందో చూసి, కొత్త ఖాళీ ఫోల్డర్‌లో విప్పడం అన్నిటికంటే సుఖం. ఉన్నచోటే విప్పాల్సి వస్తే -కె ఇవ్వండి, పాతవాటిని వదిలేసి ఎర్రర్ చెబుతుంది.

టార్‌లో అసలు ప్రమాదం విప్పేటప్పుడు కాదు, కట్టేటప్పుడు. ‘టార్ -సిఎఫ్’ తర్వాత వెంటనే రావాల్సింది కొత్త ఆర్కైవ్ పేరు. అది మరిచిపోయి ‘టార్ -సిఎఫ్ *.టెక్స్ట్’ అంటే, అక్షర క్రమంలో మొదట వచ్చే ఫైలునే ఆర్కైవ్ పేరనుకుని, దాన్ని తుడిచి మిగతావాటిని అందులో కడుతుంది.

డౌన్‌లోడ్‌లు, సర్వర్‌కి పంపడాలు?

నెట్ నుంచి ఫైళ్ళు దించే డబ్ల్యూగెట్ మామూలుగా మంచిదే. అదే పేరు ఉంటే చివర .1 చేర్చి దించుతుంది. దానికి పెద్దక్షరం -ఓ ఇచ్చి పేరు చెప్పారంటే మాత్రం పాతదాన్ని ఖాళీ చేసి రాస్తుంది. కర్ల్ -ఓ కూడా మీద రాసేస్తుంది. 2022లో వచ్చిన 7.83.0 నుంచి --నో-క్లాబర్ అనే ఆప్షన్ ఉంది.

ఇంకో కంప్యూటర్‌కి ఫైళ్ళు కాపీ చేసే ఎస్‌సీపీ ఏమీ అడగదు, బ్యాకప్ ఆప్షన్ కూడా లేదు. నడుస్తున్న సర్వర్‌కి ఫైళ్ళు పంపేటప్పుడు ఎస్‌సీపీ బదులు ఆర్‌సింక్ వాడమని నా సలహా. -ఎన్ చేరిస్తే ఏం చేయబోతోందో చెబుతుంది కానీ చేయదు. --ఇగ్నోర్-ఎగ్జిస్టింగ్ ఉన్నవాటిని వదిలేస్తుంది. --బ్యాకప్, --బ్యాకప్-డిర్ కలిపి ఇస్తే పాతవన్నీ ఒక పక్క ఫోల్డర్‌లో పోగవుతాయి. ఒక్క జాగ్రత్త: ఆర్‌సింక్‌లో -ఎన్ అంటే ఉత్తుత్తి పరుగు, సీపీలో -ఎన్ అంటే ఓవర్‌రైట్ వద్దు.

సీ ల్యాబ్‌లో నా ప్రోగ్రామ్ ఫైలు చెత్త అక్షరాలతో నిండిపోయింది. వైరసా?

కాదు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చాలామందికి ఎదురయ్యేదే. జీసీసీలో (సీ కంపైలర్) -ఓ తర్వాత వచ్చే పేరు అవుట్‌పుట్ ఫైలుది. ట్యాబ్ కొట్టినప్పుడు అక్కడ ఇంకో .సి ఫైలు పేరు పడితే, మీ సోర్స్ కోడ్ మీద కంపైల్ అయిన బైనరీ కూర్చుంటుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకే ఫైలైతే ఇప్పటి జీసీసీ పట్టుకుని ఆపుతుంది. వేరే .సి ఫైలైతే పట్టుకోలేదు. ముందు సోర్స్ ఫైలు పేరు, ఆ తర్వాత -ఓ, చివర పొడిగింపు లేని పేరు చేత్తో టైప్ చేయడం అలవాటు చేసుకోండి.

ఇంటర్నెట్ నుంచి కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయడం వల్ల ఓవర్‌రైట్ జరుగుతుందా?

జరుగుతుంది. ఈమెయిల్‌లో జవాబు రాసేటప్పుడు పాత వరుసల ముందు > గుర్తు వస్తుంది కదా. అలాంటి వరుసను యథాతథంగా పేస్ట్ చేస్తే షెల్ దాన్ని ‘ఈ పేరున్న ఫైలులోకి రాయి’ అని అర్థం చేసుకుంటుంది. ఆ వరుసలో మొదటి మాట మీ స్క్రిప్ట్ పేరైతే ఆ స్క్రిప్ట్ ఖాళీ. నోక్లాబర్ ఉంటే ఇక్కడ కూడా ఆపుతుంది. ముందు ఎడిటర్‌లో పేస్ట్ చేసి చూసుకోవడం ఇంకా మంచిది.

ఫైలును రీడ్ ఓన్లీ చేస్తే చాలదా?

అనుకున్నంత చాలదు. సీహెచ్‌మోడ్‌తో రాసే అనుమతి తీసేస్తే > గుర్తు, టీ లాంటివి మామూలు యూజర్‌కి పనిచేయవు. కానీ ఎంవీ, సెడ్ -ఐ లాంటివి పాత ఫైలులో రాయవు. కొత్త ఫైలును తెచ్చి ఆ పేరు మీద పెడతాయి. దానికి కావాల్సింది ఫోల్డర్‌లో రాసే అనుమతి, ఫైలులో కాదు. టెర్మినల్‌లో ఉంటే ఎంవీ ఒకసారి అడుగుతుంది, సెడ్ అదీ అడగదు. రూట్‌కి ఈ అనుమతులేవీ అడ్డు కావు.

నిజంగా కదలకూడని ఫైలుకి లినక్స్‌లో సీహెచ్ఏటీటీఆర్ +ఐ ఉంది. ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లలో అది పెట్టాక రూట్ కూడా రాయలేడు, చెరపలేడు, పేరు మార్చలేడు. ముందు -ఐ తో తీసేయాలి. మ్యాక్‌లో దానికి సాటి సీహెచ్‌ఫ్లాగ్స్ యూసీహెచ్‌జీ.

ఫైళ్ళకు తెలుగు పేర్లు పెడితే ఓవర్‌రైట్ ప్రమాదం ఎక్కువా?

పెట్టుకోండి, భయం లేదు. రెండు సంగతులు మాత్రం తెలిసి ఉండాలి. వీటి గురించి తెలుగులో ఎవరూ చెప్పగా వినలేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా (0సి48), లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు గుర్తులుగా (0సి46, 0సి56). తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. ‘చైత్రం’ లాంటి ఒకే పేరును ఈ రెండు రకాలుగా రాస్తే, స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తూ లోపల వేరుగా ఉండవచ్చు. లినక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. మ్యాక్‌కి ఒకటే ఫైలు. లినక్స్ సర్వర్ నుంచి ఆ రెండింటినీ మ్యాక్‌కి కాపీ చేస్తే రెండోది మొదటిదాని మీద పడుతుంది. కీబోర్డులు మామూలుగా ఒకే గుర్తు ఇస్తాయి. విడగొట్టిన రూపం ఎక్కువగా పాత మ్యాక్ డిస్కుల నుంచి వస్తుంది.

రెండోది, ‘ఆఫీస్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం కిందికి ఒత్తుగా పోకుండా ఆపే కంటికి కనిపించని గుర్తు. లినక్స్‌లో అది ఉన్న పేరు, లేని పేరు వేర్వేరు. యాపిల్ 2017 దాకా ప్రధానంగా వాడిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ మాత్రం పేర్లను పోల్చేటప్పుడు ఆ గుర్తును లెక్కలోకే తీసుకోదు. పాత ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఆ ఫైల్ సిస్టమ్ ఇంకా ఉంటుంది. ఇలాంటి అనుమానం వస్తే ‘ఎల్ఎస్ | ఓడీ -సి’ తో బైట్లు చూడండి. కన్వ్‌ఎంవీ అనే సాధనం పేర్లను ఒకే రూపానికి తెస్తుంది. --నోటెస్ట్ ఇచ్చేదాకా ఏమీ మార్చకుండా చూపించడమే దాని మర్యాద.

ఇంగ్లీషు పేర్లకూ ఇలాంటిదే ఉంది: పెద్ద, చిన్న అక్షరాల తేడా లినక్స్‌లో లెక్క, మ్యాక్, విండోస్‌లలో మామూలుగా లెక్క కాదు.

విండోస్‌లో పరిస్థితి ఏమిటి?

పాత కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ, మూవ్ రెండూ అడుగుతాయి. బ్యాచ్ ఫైలు లోపల మాత్రం అడగవు, అక్కడ /-వై చేర్చాలి. పవర్‌షెల్‌లో కాపీ-ఐటమ్ అడక్కుండా మీద రాసేస్తుంది, మూవ్-ఐటమ్ ఒప్పుకోదు. ఔట్-ఫైల్‌కి -నోక్లాబర్ ఉంది. చాలా కమాండ్‌లకు -వాట్ఇఫ్ చేరిస్తే ఏం చేయబోతోందో చెప్పి ఆగుతుంది. రోబోకాపీకి /ఎల్ అలాంటిదే.

గిట్ వాడుతున్నాను. ఇంకా భయమెందుకు?

కమిట్ చేసినదానికి (గిట్‌లో ఒక వెర్షన్‌గా భద్రపరిచినదానికి) భయం లేదు. కమిట్ చేయని మార్పులను గిట్ రిస్టోర్, రీసెట్ --హార్డ్ ఏమీ అడక్కుండా తుడిచేస్తాయి. బ్రాంచ్ మారేటప్పుడు గిట్ ఎరుగని ఫైలు అడ్డొస్తే అది ఆగుతుంది, ఇది మంచి గుణం. కానీ .గిట్‌ఇగ్నోర్‌లో ఉన్న ఫైళ్ళను ‘పోయినా పర్లేదు’ అన్న లెక్కలో చూస్తుంది. అవతలి బ్రాంచ్‌లో అదే పేరుతో ఫైలు ఉంటే మీద రాసేస్తుంది. పాస్‌వర్డ్‌లు, కీలు ఉండే సెట్టింగ్స్ ఫైళ్ళు సరిగ్గా ఆ జాబితాలోనే ఉంటాయి. వాటి కాపీ రిపోజిటరీ బయట ఇంకోచోట ఉంచండి.

నేనే ఒక కమాండ్ లైన్ సాధనం రాస్తున్నాను. ఎలా ఉండాలి?

దయచేసి, ఉన్న ఫైలు మీద రాయకపోవడాన్నే మామూలు తీరుగా పెట్టండి. రాయాలనుకున్నవాళ్ళు --ఫోర్స్ అని అడుగుతారు. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ చూడండి: ఫైలు ఉంటే అడుగుతుంది, అడగవద్దంటే -వై, రాయవద్దంటే -ఎన్. మనిషి టెర్మినల్ ముందు ఉంటేనే ప్రశ్న అడగాలి, స్క్రిప్ట్‌లో నడుస్తుంటే స్పష్టమైన ఎర్రర్‌తో ఆగాలి.

‘ఫైలు ఉందా’ అని ముందు చూసి, లేకపోతే తెరవడం సరిపోదు. ఆ రెండింటి మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ అదే పేరుతో ఫైలు సృష్టించవచ్చు. చూడటం, తెరవడం ఒకే అడుగులో జరగాలి. పైథాన్ 3.3 నుంచి ఓపెన్‌కి ‘ఎక్స్’ మోడ్ ఉంది. ఫైలు ఉంటే ఎర్రర్, లేకపోతే సృష్టిస్తుంది. సీ11లో ‘డబ్ల్యూఎక్స్’ అదే పని చేస్తుంది. పైథాన్‌లో ఓఎస్.రీనేమ్ విండోస్‌లో ఎర్రర్ ఇచ్చి, లినక్స్‌లో మౌనంగా మీద పెట్టేస్తుంది. ఒక చోట పరీక్షించి రెండో చోట కూడా అంతే అనుకోకండి.

ఇప్పటికే ఓవర్‌రైట్ అయిపోయింది. తిరిగి తెచ్చుకోగలనా?

టెన్షన్‌లో వరసగా కమాండ్‌లు కొట్టకండి. ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపండి. తర్వాత ఈ వరుసలో వెతకండి.

ఆ ఫైలు ఏదైనా ఎడిటర్‌లో తెరిచి ఉందా? ఉంటే పాత పాఠం దాని మెమరీలో ఉంది. ఫైలు మారింది, మళ్ళీ లోడ్ చేయమంటారా అని అడిగితే వద్దనండి, వేరే పేరుతో సేవ్ చేయండి. వీఎస్ కోడ్‌లో ఇంతకుముందు సేవ్ చేసిన ఫైలైతే టైమ్‌లైన్‌లో పాత రూపాలు దొరకవచ్చు. గిట్‌లో కమిట్ చేయకపోయినా ఒక్కసారి గిట్ యాడ్ చేసి ఉంటే పాఠం రిపోజిటరీలో మిగిలే ఉంటుంది, ‘గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్’ తో బయటికి తీయవచ్చు. టైమ్ మెషీన్, బీటీఆర్ఎఫ్ఎస్, జెడ్ఎఫ్ఎస్ స్నాప్‌షాట్‌లు, విండోస్‌లో ప్రీవియస్ వెర్షన్స్, క్లౌడ్ ఫోల్డరైతే అక్కడి వెర్షన్ హిస్టరీ చూడండి.

ఓవర్‌రైట్ చేసింది ఎంవీ అయి, పాత ఫైలును ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, లినక్స్‌లో ఆ ప్రోగ్రామ్‌ను మూయకండి. /ప్రాక్ కింద ఆ ప్రోగ్రామ్ ప్రాసెస్ నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని ఎఫ్‌డీలో పాత ఫైలు ఇంకా బతికే ఉంటుంది, సీపీతో బయటికి కాపీ చేసుకోవచ్చు. > గుర్తుతో పోయినదానికి ఈ దారి లేదు. అక్కడ ఖాళీ చేసింది ఆ ఫైలునే.

ఇవేవీ లేకపోతే ఫొటోరెక్ లాంటి సాధనంతో డిస్కులోని ఖాళీ చోట్లను వెతికించవచ్చు. మామూలు హార్డ్ డిస్కులో, మెమరీ కార్డులో కొంత ఆశ ఉంది. ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లను తుడిచేసే ఏర్పాటు) పనిచేస్తున్న ఎస్ఎస్‌డీలో ఆశ చాలా తక్కువ. దొరికినవి వేరే డిస్కులోకే దించండి. ఫైళ్ళు వచ్చినా వాటి పాత పేర్లు రావు, ఒక్కొక్కటీ తెరిచి చూసి పేరు పెట్టుకోవాల్సిందే.